లోహం మీద లేజర్ పని: పవర్ శాతం పక్కన పెట్టి తీవ్రత లెక్క చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 20 వాట్ల క్యూ-స్విచ్డ్ (కాంతిని పొట్టి పల్స్‌లుగా వదిలే) ఫైబర్ లేజర్ మెషీన్‌తో 304 స్టెయిన్‌లెస్ స్టీల్ మీద 0.3 మిల్లీమీటర్ల లోతున చెక్కుతున్నారు. ఫ్రీక్వెన్సీ 20 కిలోహెర్ట్జ్ (సెకనుకి 20 వేల పల్స్‌లు), పవర్ వంద శాతం. అంచుల్లో బర్ (కరిగి గట్టిపడిన లోహపు గట్టు) లేస్తోంది, అడుగు నల్లగా గరుకుగా వస్తోంది, మూలల్లో గుంటలు పడుతున్నాయి. పవర్ 60 శాతానికి తగ్గిస్తే బర్ కొంచెం తగ్గింది గానీ పని బాగా నెమ్మదించింది. ఫ్లాట్-టాప్ ఆప్టిక్ (బీమ్ తీవ్రతని స్పాట్ అంతా సమానంగా పరిచే పరికరం) కొంటే ఇదంతా తీరిపోతుందా, ఇదే సెట్టింగ్ ఇత్తడికి కూడా పనికొస్తుందా అని అడిగారు.

ముందు రోగం ఎక్కడుందో చెబుతాను. స్క్రీన్ మీద మీరు మారుస్తున్నది సగటు పవర్. లోహం స్పందించేది తీవ్రతకి, అంటే ఎంత ఎనర్జీ ఎంత చోటులో ఎంత సేపట్లో పడిందన్నదానికి. ఈ రెండింటికీ సంబంధం మీరు అనుకునేదానికన్నా చాలా వదులుగా ఉంటుంది. ఒకే 20 వాట్లతో లోహాన్ని రంగు మార్చి వదిలేయవచ్చు, కరిగించవచ్చు, నేరుగా ఆవిరి చేయవచ్చు.

మీ మెషీన్ అంకెలతోనే చూద్దాం. మీరు చెప్పిన ప్రకారం లెన్స్ ఫోకల్ దూరం 163 మిల్లీమీటర్లు, లెన్స్‌లోకి వెళ్లే బీమ్ వ్యాసం 7 మిల్లీమీటర్లు, బీమ్ నాణ్యత ఎం-స్క్వేర్ 1.3 (1 అంటే ఆదర్శ బీమ్). తరంగదైర్ఘ్యం 1.064 మైక్రాన్లు. వీటితో ఫోకస్ దగ్గర స్పాట్ వ్యాసం దాదాపు 41 మైక్రాన్లు వస్తుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 20 వాట్లంటే ఒక్కో పల్స్‌లో 1 మిల్లీజూల్. ఆ ఎనర్జీ అంత చిన్న స్పాట్‌లో పడితే, స్పాట్ నడిబొడ్డున చదరపు సెంటీమీటరుకి సుమారు 150 జూళ్లు. ఇలా ఒక పల్స్‌లో చదరపు సెంటీమీటరు మీద పడే ఎనర్జీనే ఫ్లూయెన్స్ అంటాం. పల్స్ నిడివి 100 నానోసెకన్లు కాబట్టి నడిబొడ్డున తీవ్రత చదరపు సెంటీమీటరుకి సుమారు 150 కోట్ల వాట్లు. స్టీల్ మీద చెక్కడానికి ఇది అవసరానికి మించిన దెబ్బ. ఈ స్థాయిలో పల్స్ మొదటి భాగం లేపిన ఆవిరి ప్లాస్మాగా మారి, వెనక వచ్చే కాంతిని తనే మింగడం మొదలుపెడుతుంది. ఆ వేడి ప్లాస్మా కరిగిన లోహాన్ని పక్కలకి నెడుతుంది. మీ బర్ అక్కడే పుడుతోంది.

మరి తక్కువ తీవ్రతే మంచిదా అంటే, అదీ కాదు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

మీ బీమ్ గాసియన్ ఆకారంలో ఉంటుంది: మధ్యలో ఎత్తుగా, పక్కలకి జారిపోయే ధాన్యపు కుప్పలా. ప్రతి లోహానికీ ఒక త్రెషోల్డ్ ఫ్లూయెన్స్ ఉంటుంది. అది దాటిన చోట లోహం ఊడి వస్తుంది, దాటని చోట పడిన ఎనర్జీ అంతా ఉత్త వేడిగా లోపలికి దిగుతుంది. నడిబొడ్డు ఫ్లూయెన్స్ త్రెషోల్డ్‌కి రెండు రెట్లు మాత్రమే ఉందనుకోండి. గాసియన్ లెక్క ప్రకారం పల్స్ ఎనర్జీలో సరిగ్గా సగం త్రెషోల్డ్ కింద ఉన్న అంచుల్లో పడుతుంది. అంటే సగం ఎనర్జీ లోహాన్ని తీయకుండా పక్కల్ని కాలుస్తుంది. తక్కువ పవర్‌తో చెక్కినప్పుడు చుట్టూ పసుపు, నీలం రంగులు తేలడానికి ఒక పెద్ద కారణం ఇదే. ఇక 30 రెట్లు ఉందనుకోండి. అప్పుడు అంచుల్లో పోయేది మూడు శాతమే, కానీ నడిమధ్యలో ఉన్న మిగులంతా దండగ. ఎందుకంటే లోతు ఫ్లూయెన్స్‌తో సూటిగా పెరగదు, లాగరిథమ్ పద్ధతిలో పెరుగుతుంది. ఎనర్జీని నాలుగు రెట్లు చేసి ఏడున్నర రెట్ల నుంచి 30 రెట్లకి తీసుకెళితే, ఒక్కో పల్స్ లోతు 1.7 రెట్లు మాత్రమే అవుతుంది.

ఈ రెండు నష్టాల మధ్య ఒక మంచి చోటు ఉంది. గాసియన్ బీమ్‌కి నడిబొడ్డు ఫ్లూయెన్స్ త్రెషోల్డ్‌కి దాదాపు 7.4 రెట్లు ఉన్నప్పుడు, ఖర్చు పెట్టిన ప్రతి జూల్‌కి ఎక్కువ లోహం వస్తుంది. అక్కడ ఇంకో చక్కని గుర్తు కూడా ఉంది: ఆ స్థాయిలో పడే గుంట వ్యాసం స్పాట్ వ్యాసంతో సమానం. స్పాట్ 41 మైక్రాన్లయితే గుంట కూడా 41. గుంట అంతకన్నా బాగా పెద్దదిగా కనిపిస్తే మీరు మోతాదు మించి కొడుతున్నట్టు.

నానోసెకన్ పల్స్‌లో ఆవిరితో పాటు కరిగిన లోహం చిందడం, ప్లాస్మా అడ్డుపడడం కూడా ఉంటాయి కాబట్టి 7.4ని వేదవాక్యంగా తీసుకోకండి. నేనైతే నాలుగు నుంచి పది రెట్ల మధ్య పరీక్ష ముక్కలు చేసి, వాటిలోంచి ఎంచుకుంటాను. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం ఈ లెక్క కచ్చితంగా చెబుతుంది.

ఇప్పుడు మీ రెండు ప్రయత్నాల్నీ ఈ లెక్కలో పెట్టి చూడండి. మీ స్టీల్ త్రెషోల్డ్ చదరపు సెంటీమీటరుకి 5 జూళ్లు అనుకుందాం. ఇది ఉదాహరణకే, మీ అంకె మీరే కొలవాలి, ఎలాగో కింద చెబుతాను. వంద శాతం పవర్ దగ్గర మీరు త్రెషోల్డ్‌కి 30 రెట్ల దగ్గర ఉన్నారు. 60 శాతానికి తగ్గిస్తే 18 రెట్లు. అంటే ఇంకా మోతాదు మించే ఉంది, పైగా సగటు పవర్‌లో 40 శాతం పోగొట్టుకున్నారు. లెక్క ప్రకారం లోహం ఊడే వేగం 28 శాతం పడిపోవాలి. పని నెమ్మదించడానికి కారణం ఇదే. దీని బదులు పవర్ వంద శాతమే ఉంచి ఫ్రీక్వెన్సీని 80 కిలోహెర్ట్జ్‌కి పెంచి ఉంటే, ఒక్కో పల్స్‌కి 0.25 మిల్లీజూల్, నడిబొడ్డున 38 జూళ్లు, త్రెషోల్డ్‌కి ఏడున్నర రెట్లు. అదే 20 వాట్లతో దాదాపు 40 శాతం ఎక్కువ లోహం రావాలి, అదీ ప్రతి పల్స్‌లో నాలుగో వంతు దెబ్బతో. బర్ తగ్గడం, వేగం పెరగడం రెండూ ఒకేసారి దొరికే అరుదైన సందర్భం ఇది, వదులుకోకండి.

వేగం కూడా దానికి తగ్గట్టు మార్చాలి. 80 కిలోహెర్ట్జ్‌లో సెకనుకి 1000 మిల్లీమీటర్లు పరుగెత్తిస్తే పల్స్‌కీ పల్స్‌కీ మధ్య దూరం 12.5 మైక్రాన్లు, అంటే సుమారు 70 శాతం ఓవర్‌ల్యాప్. చెక్కడానికి ఇది మంచి మొదలు. హ్యాచ్ గీతల (లోపలి భాగాన్ని నింపే పక్కపక్క గీతల) మధ్య దూరం 15 నుంచి 20 మైక్రాన్లు పెట్టండి. ప్రతి పొరకీ హ్యాచ్ కోణం మార్చండి, లేకపోతే అడుగున గీతలు ఒకదాని మీద ఒకటి పేరుకుని కాలవలు పడతాయి.

ఇక త్రెషోల్డ్ కొలవడం. దీనికి ఖరీదైన బీమ్ ప్రొఫైలర్ అక్కర్లేదు, కొలత స్కేలు ఉన్న మైక్రోస్కోప్ చాలు. 1982లో జె. ఎం. లియు ప్రచురించిన పద్ధతి ఇది. నునుపుగా పాలిష్ చేసిన ముక్క మీద ఒక్కో చోట ఒక్కో పల్స్ మాత్రమే వేయండి. విడివిడిగా పడాలంటే ఫ్రీక్వెన్సీకి తగ్గట్టు వేగం పెంచండి. ఎనర్జీని మెట్లు మెట్లుగా మారుస్తూ పోయి, ప్రతి గుంట వ్యాసం కొలిచి, దాన్ని వర్గం చేసి, ఎనర్జీ లాగరిథమ్‌తో పోల్చి గ్రాఫ్ గీయండి. చుక్కలు ఒక సరళరేఖ మీద పడతాయి. ఆ గీత వాలు నుంచి మీ నిజమైన స్పాట్ సైజు వస్తుంది, వ్యాసం సున్నా అయ్యే చోటు నుంచి త్రెషోల్డ్ ఎనర్జీ వస్తుంది. ఒకే పరీక్షతో రెండు సమాధానాలు.

చిన్న ఉదాహరణ. ఒక ఎనర్జీ దగ్గర గుంట 30 మైక్రాన్లు వచ్చింది, ఎనర్జీ రెట్టింపు చేస్తే 38.5 అయింది. వర్గాల తేడా 582. దాన్ని 1.386తో (2 యొక్క సహజ లాగరిథమ్‌కి రెండు రెట్లు) భాగించి వర్గమూలం తీస్తే 20.5, అది స్పాట్ వ్యాసార్ధం. వెనక్కి లెక్కేస్తే, మొదటి గుంట త్రెషోల్డ్‌కి సుమారు 2.9 రెట్ల ఎనర్జీతో పడిందని తేలుతుంది. రెండు చుక్కలతో వదిలేయకుండా కనీసం ఆరేడు ఎనర్జీలు తీసుకోండి, ప్రతిదానికీ చాలా గుంటలు కొలిచి సగటు వేయండి. నానోసెకన్ పల్స్‌తో గుంట చుట్టూ కరిగిన అంచు లేస్తుంది, కాబట్టి కొలిచేది ఆ అంచు లోపలా బయటా అన్నది ముందే నిర్ణయించుకుని చివరిదాకా దానికే కట్టుబడండి. తక్కువ ఎనర్జీ గుంటలే ఎక్కువ నమ్మదగినవి.

ఈ పరీక్షలో చాలామంది దాటేసే విషయం ఒకటుంది. ఒక్క పల్స్‌తో కొలిచిన త్రెషోల్డ్, ఒకే చోట వరసగా పల్స్‌లు పడేటప్పుడు ఉండదు, తగ్గుతుంది. ఉపరితలం గరుకెక్కి కాంతిని ఎక్కువ పీల్చుకుంటుంది, లోపలి నిర్మాణం అలసిపోతుంది. దీన్ని ఇంక్యుబేషన్ అంటారు. లోహాలకి సాధారణంగా కనిపించే స్థాయిలో, అంటే ఇంక్యుబేషన్ గుణకం (1 అయితే త్రెషోల్డ్ అసలు తగ్గదు) 0.85 దగ్గర ఉంటే, వంద పల్స్‌లయ్యేసరికి త్రెషోల్డ్ దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే ఒక్క పల్స్ అంకె తీసుకుని మొత్తం పనికి వాడేయకండి. పది, ముప్పై, వంద పల్స్‌లతో కూడా అదే పరీక్ష చేసి, మీ ఓవర్‌ల్యాప్‌కి దగ్గరగా ఉన్న అంకె వాడండి.

పరీక్ష చేసేటప్పుడు పాలిష్ ముక్క అద్దంలా పనిచేస్తుందని మరచిపోవద్దు. ఇది క్లాస్ 4, అంటే అత్యంత ప్రమాదకరమైన తరగతి లేజర్, కంటికి కనిపించని తరంగదైర్ఘ్యం. ఆ తరంగదైర్ఘ్యానికే రేట్ చేసిన కళ్లద్దాలు పెట్టుకోండి, తలుపు ఇంటర్‌లాక్ తీసేయకండి. ముక్కని కొంచెం వాలుగా పెడితే తిరుగు కాంతి నేరుగా లేజర్‌లోకి పోకుండా ఉంటుంది. స్టెయిన్‌లెస్ పొగలో క్రోమియం సమ్మేళనాలు ఉంటాయి, పొగ లాగే ఫ్యాన్ ఫిల్టర్ లేకుండా పని మొదలుపెట్టవద్దు.

ఎనర్జీని ఏ దారిలో మారుస్తున్నామన్నది కూడా ముఖ్యమే. మీలాంటి మెషీన్‌లో పవర్ శాతం తగ్గిస్తే పంప్ డయోడ్ల కరెంట్ తగ్గుతుంది. కరెంట్ తగ్గితే లేజర్ లోపల గెయిన్ (కాంతిని పెంచే శక్తి) తగ్గి పల్స్ సాగుతుంది. అంటే ఎనర్జీ, నిడివి రెండూ ఒకేసారి మారతాయి, తీవ్రత మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ పడిపోతుంది. చాలా తక్కువ శాతాల దగ్గర పల్స్‌కీ పల్స్‌కీ నిలకడ కూడా ఉండదు. ఫ్రీక్వెన్సీ పెంచినప్పుడు కూడా పల్స్ కొంత సాగుతుంది గానీ, కనీసం సగటు పవర్ చేతిలో ఉంటుంది. అన్నిటికన్నా శుభ్రమైన దారి లేజర్‌ని దానికి నచ్చిన ఒకే కరెంట్ దగ్గర నడిపి, బయట తగ్గించడం. హాఫ్-వేవ్ ప్లేట్, పోలరైజర్ జతలో ప్లేట్‌ని 45 డిగ్రీలు తిప్పేసరికి పూర్తి పవర్ నుంచి దాదాపు సున్నాకి రావచ్చు, బీమ్ ఆకారం చెదరదు. కానీ ఇది సరళ పోలరైజేషన్ (కాంతి కంపనం ఒకే దిశలో ఉండడం) ఉన్న లేజర్‌కే పనిచేస్తుంది. మార్కింగ్‌కి వాడే క్యూ-స్విచ్డ్ ఫైబర్ లేజర్లలో ఎక్కువ వాటికి పోలరైజేషన్ స్థిరంగా ఉండదు. ఎవరో చెప్పారని ఆ జత కొంటే మీ డబ్బు పోలరైజర్ మీద వేడిగా పోతుంది. మీలాంటి వాటికి పాక్షికంగా ప్రతిబింబించే ప్లేట్లతో చేసిన అటెన్యుయేటర్ (పవర్ తగ్గించే సాధనం) సరైనది. పికోసెకన్, ఫెమ్టోసెకన్ లేజర్లలో ఈ పనికి అకౌస్టో-ఆప్టిక్ మాడ్యులేటర్ లోపలే ఉంటుంది, అది ప్రతి పల్స్‌నీ విడిగా అదుపు చేయగలదు.

ఫోకస్ తప్పించి తీవ్రత తగ్గించడం చాలామందికి అలవాటు. నాకు అది నచ్చదు. ఫోకస్ తప్పితే నడిబొడ్డు తగ్గడంతో పాటు త్రెషోల్డ్ కింద ఉన్న అంచు వెడల్పవుతుంది, అంటే ఇందాక చెప్పిన ఉత్త వేడి పెరుగుతుంది. బీమ్‌లో ఏ కొంచెం ఆస్టిగ్మాటిజం (రెండు దిశల ఫోకస్ వేర్వేరు ఎత్తుల్లో ఉండడం) ఉన్నా ఫోకస్ బయట స్పాట్ కోడిగుడ్డు ఆకారమైపోయి, అడ్డగీత ఒకలా నిలువుగీత ఒకలా వస్తుంది. ఒక్క చోట మాత్రం ఒప్పుకుంటాను: చెక్కడం అయ్యాక అడుగుని నునుపు చేసే చివరి పాస్‌లో. అక్కడ మనకి కావలసిందే పైపొర కొద్దిగా కరిగి సర్దుకోవడం. నల్లగా పేరుకున్న ఆక్సైడ్‌ని తుడవడానికి కూడా ఎక్కువ ఫ్రీక్వెన్సీ, ఎక్కువ వేగం, తక్కువ ఫ్లూయెన్స్‌తో ఒకటి రెండు పాస్‌లు చాలు.

లోతు పెరిగేకొద్దీ ఫోకస్ దించాలా అని కూడా అడిగారు. మీ స్పాట్‌కి రేలీ దూరం దాదాపు 0.95 మిల్లీమీటర్లు. అంత దూరం జరిగితే తీవ్రత సగమవుతుంది. 0.3 మిల్లీమీటర్ల లోతు దగ్గర తగ్గేది తొమ్మిది శాతమే, దానికోసం జెడ్ మెట్లు (పొరపొరకీ ఫోకస్ ఎత్తు దించడం) పెట్టక్కర్లేదు. కానీ మొదట్లోనే ఫోకస్ అర మిల్లీమీటరు పైన పెట్టి ఉంటే, అడుగుకి చేరేసరికి తీవ్రత 58 శాతానికి పడిపోతుంది. అందుకని జెడ్ దించడం కన్నా మొదటి ఫోకస్ సరిగ్గా పట్టుకోవడం మీకు ముఖ్యం. వాలుగా పెట్టిన ప్లేట్ మీద తక్కువ ఎనర్జీతో ఒక గీత గీసి, అది అన్నిటికన్నా సన్నగా ఉన్న చోటు చూసుకోండి. ఎర్రటి పాయింటర్ కాంతిని నమ్మకండి. దాని తరంగదైర్ఘ్యం వేరు కాబట్టి దాని ఫోకస్ వేరే ఎత్తులో ఉంటుంది.

మీరు అడగనిది ఇంకొకటి చెప్పాలి: లెన్స్ రక్షణ గాజు. దాని మీద మరక పడితే అది కాంతిని పీల్చి వేడెక్కి తానే ఒక లెన్స్‌లా మారుతుంది. కిలోవాట్ల కటింగ్, వెల్డింగ్ మెషీన్లలో పని మొదలైన కాసేపటికి ఫోకస్ పక్కకి జరిగిపోవడానికి తరచూ ఇదే కారణం. 20 వాట్లలో ఫోకస్ అంతగా జరగదు గానీ మరక వెదజల్లే కాంతి నడిబొడ్డు ఫ్లూయెన్స్‌ని తినేస్తుంది. పొద్దున వచ్చిన నాణ్యత సాయంత్రం రాకపోతే సెట్టింగులు మార్చకముందు గాజు తీసి చూడండి.

మూలల్లో గుంటలు పడడం తీవ్రత సమస్య కాదు, దాన్ని పంచడంలో సమస్య. బీమ్‌ని అటూ ఇటూ తిప్పే గాల్వో అద్దాలు మూల దగ్గర నెమ్మదించి తిరగాలి. పల్స్‌లు మాత్రం అదే ఫ్రీక్వెన్సీలో పడుతూనే ఉంటాయి, కాబట్టి మూలలో ఓవర్‌ల్యాప్ 70 నుంచి 95 శాతానికి వెళ్లిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో స్కై-రైటింగ్ ఉంటే ఆన్ చేయండి. బీమ్ ఆపి, అద్దాలు బయట మలుపు తిరిగి, పూర్తి వేగం అందుకున్నాకే మళ్లీ కాంతి పడుతుంది. అది లేకపోతే లేజర్ ఆన్, ఆఫ్ డిలేలు, పాలిగాన్ డిలే (మూల దగ్గర ఆగే సమయం) ఓపిగ్గా సరిచేసుకోవాలి. గీత మొదట్లో మాత్రమే గుంట పడుతుంటే అది వేరే జబ్బు. లేజర్ కాసేపు ఆగినప్పుడు లోపల ఎనర్జీ పోగుపడి, మొదటి పల్స్ మామూలు కన్నా పెద్దదిగా బయటికొస్తుంది. దానికి ఫస్ట్ పల్స్ సప్రెషన్ అనే సెట్టింగ్ చాలా కంట్రోలర్లలో ఉంటుంది.

పల్స్ నిడివి మీ మెషీన్‌లో మీ చేతిలో లేదు, కానీ తర్వాత మోపా లేజర్ (పల్స్ నిడివి మార్చుకోగలిగే ఫైబర్ లేజర్) కొనాలనుకుంటే ఇది తెలుసుకోండి. పల్స్ ఉన్నంతసేపూ వేడి లోహంలోకి పాకుతుంది. 100 నానోసెకన్లలో స్టెయిన్‌లెస్‌లో అది దాదాపు 1.3 మైక్రాన్లు, రాగిలో దాదాపు 7 మైక్రాన్లు. 10 పికోసెకన్లకి కుదిస్తే రాగిలో కూడా 0.07 మైక్రాన్లే. పొట్టి పల్స్ అంత శుభ్రంగా కోయడానికి కారణం ఇదే. మోపాలో కొన్ని నానోసెకన్ల నుంచి కొన్ని వందల నానోసెకన్ల వరకు ఎంచుకోవచ్చు: లోతు తీయడానికి పొడుగు పల్స్, శుభ్రం చేయడానికి పొట్టి పల్స్. ఒకే పనిలో రెండూ వాడగలగడమే దాని అసలు విలువ. అయితే పికోసెకన్ లేజర్ కొన్నంత మాత్రాన తీవ్రత లెక్క తప్పదు. స్టీల్‌కి అక్కడ త్రెషోల్డ్ చదరపు సెంటీమీటరుకి ఒక జూల్‌లో చిన్న భాగమే, దాన్ని ముప్పై రెట్లు దాటించి కొడితే ఆ ఖరీదైన మెషీన్ కూడా బర్ లేపుతుంది.

వెల్డింగ్, కటింగ్‌లోనూ సూత్రం ఇదే, అంకెలే వేరు. చదరపు సెంటీమీటరుకి లక్ష వాట్ల లోపు లోహం పైపైన కరుగుతుంది. 10 లక్షల వాట్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిరి ఒత్తిడి కరిగిన లోహాన్ని తోసి లోతైన రంధ్రం చేస్తుంది, దాన్ని కీహోల్ అంటారు. ఆ రంధ్రంలో కాంతి అటూ ఇటూ తగిలి ఎక్కువ భాగం లోహంలోకే పోతుంది. ఈ రెండు స్థితుల మధ్య ఊగిసలాడే తీవ్రతే చిందులకి, రంధ్రాలకి మూలం. కోహెరెంట్ ఏఆర్ఎం, ఐపీజీ ఏఎంబీ, ఎన్‌లైట్ కరోనా, ట్రంఫ్ బ్రైట్‌లైన్ వెల్డ్ వంటి కంపెనీ లేజర్ ఉత్పత్తులన్నీ వచ్చింది బీమ్ ఆకారాన్ని అదుపు చేయడానికే. వీటిలో చాలావరకు మధ్యలో గట్టి బీమ్, చుట్టూ మెత్తటి ఉంగరం, రెండింటి పవర్ విడివిడిగా మార్చుకోవచ్చు. 1960లో థియోడర్ మైమన్ రూబీ లేజర్ వెలిగించిన తొలి రోజుల్లో, ఒక పల్స్ ఎన్ని గడ్డం బ్లేడ్లకి కన్నం పెడుతుందో చూసి లేజర్ బలాన్ని జిలెట్లలో చెప్పుకునేవారట. పవర్ శాతం చూసి పని నడిపేవాళ్లు ఈనాటికీ ఉన్నారు, వాళ్ల కొలత దీనికన్నా పెద్దగా మెరుగైనదేమీ కాదు.

ఇత్తడికి అదే సెట్టింగ్ వద్దు. ఇత్తడి వేడిని స్టెయిన్‌లెస్ కన్నా చాలా వేగంగా పక్కలకి లాగేస్తుంది, చల్లగా ఉన్నప్పుడు 1 మైక్రాన్ కాంతిని ఎక్కువగా వెనక్కి తోసేస్తుంది. మరోవైపు దానిలోని జింక్ 907 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది, రాగి కరగడానికి 1085 కావాలి. అందుకే ఒకసారి పట్టుకుందంటే ఇత్తడి పేలినట్టు ఊడి వస్తుంది, జింక్ పొగ కూడా బాగా వస్తుంది. త్రెషోల్డ్ పరీక్ష ఇత్తడి మీద విడిగా చేయండి. స్టీల్ కన్నా ఎక్కువ ఫ్లూయెన్స్ అవసరమవుతుందనే నా అంచనా, కాబట్టి 40 నుంచి 60 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చూడండి. శుద్ధ రాగి అయితే ఇంకా కష్టం. చల్లటి మెరిసే రాగి ఈ కాంతిలో ఐదు శాతం కన్నా తక్కువే పీలుస్తుంది, కరిగాక ఎక్కువ పీలుస్తుంది. మొదలుపెట్టడానికి చాలా తీవ్రత కావాలి, పట్టుకున్నాక వెంటనే తగ్గించాలి. 515 నానోమీటర్ల ఆకుపచ్చ, 450 నానోమీటర్ల నీలం లేజర్లు రాగికి అంత అనుకూలం కావడానికి కారణం, ఆ రంగుల్ని రాగి మొదటి క్షణం నుంచే బాగా పీల్చుకోవడం.

చివరిగా ఫ్లాట్-టాప్. దాని వల్ల లాభం నిజమే. అంచుల్లో ఉత్త వేడిగా పోయే భాగం దాదాపు ఉండదు, గోడలు నిటారుగా వస్తాయి, అడుగు చదునుగా వస్తుంది. సామర్థ్యంలో సిద్ధాంతపరంగా గాసియన్ కన్నా 36 శాతం మెరుగు. దానికి సరైన ఫ్లూయెన్స్ త్రెషోల్డ్‌కి 7.4 రెట్లు కాదు, 2.7 రెట్లే. అందుకని అది పెట్టాక ఫ్రీక్వెన్సీ లెక్క మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఉదాహరణకి 60 మైక్రాన్ల చదరపు స్పాట్, త్రెషోల్డ్ 5 జూళ్లు అయితే, మీ 20 వాట్లకి 40 కిలోహెర్ట్జ్ దగ్గర సరిపోతుంది. ఇక ఇబ్బందులు. చదునైన ఆకారం ఫోకస్ దగ్గర కొద్ది దూరం మాత్రమే నిలుస్తుంది, మీ రేలీ దూరంలో చిన్న భాగం. స్పాట్ పెద్దదవుతుంది కాబట్టి సన్నటి అక్షరాల మూలలు గుండ్రంగా మారతాయి. బీమ్ సరిగ్గా మధ్యలోంచి పోవాలి, కొంచెం పక్కకి జరిగినా ఒకవైపు ఎత్తు ఒకవైపు పల్లం అవుతుంది. ఎఫ్-తీటా లెన్స్ (పని చోటంతా ఫోకస్‌ని ఒకే మట్టంలో ఉంచే లెన్స్) అంచుల్లో ఆకారం వంగుతుంది, అందుకే పని చోటు మధ్య భాగానికే పరిమితం చేసుకోవాలి.

మీ ప్రస్తుత పరిస్థితిలో దాన్ని కొనమని చెప్పను. మీరు త్రెషోల్డ్‌కి ముప్పై రెట్ల దగ్గర పని చేస్తుండగా బీమ్ ఆకారం మార్చినా ప్లాస్మా, బర్ రెండూ అలాగే ఉంటాయి. ముందు ఫోకస్ సరిచేయండి, త్రెషోల్డ్ కొలవండి, 80 కిలోహెర్ట్జ్ నుంచి కిందికి కొన్ని మెట్లలో 5 మిల్లీమీటర్ల చదరాలు చెక్కి ప్రతిదాని లోతు, పట్టిన సమయం రాసుకోండి. స్కై-రైటింగ్ ఆన్ చేయండి. పొరల మధ్య ముక్క చల్లారడానికి కొంచెం సమయం ఇవ్వండి. ఇవన్నీ అయ్యాక కూడా గోడల వాలు మీ పనికి అడ్డు వస్తుంటే అప్పుడు ఫ్లాట్-టాప్ ఆలోచించండి. అప్పుడు కూడా లెన్స్‌లోకి వెళ్లే బీమ్ వ్యాసం నిజంగా ఎంతుందో కొలిచి తయారీదారుకి ఇవ్వండి, మాన్యువల్‌లో రాసిన 7 మిల్లీమీటర్లు చూసి ఆర్డర్ పెట్టవద్దు. ఆ వ్యాసం కొన్ని శాతాలు తేడా పడినా చదునుగా రావలసిన చోట మధ్యలో గుంటో గుట్టో వస్తుంది.